పోయిన జాతర కొలతలు

నవంబరు 2, 2006

ఈ డైరీ జనవరిలో బట్టల కొట్టు వాళ్ళు ఇచ్చారు. పది నెలలుగా ఒక్క అక్షరం రాయలేదు. నా బతుకులో రాయడానికేముంది? కాలరు, కాజా, కాలరు, కాజా. ఇవాళ మాత్రం ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే గుండె పగిలేలా ఉంది.

మా అమ్మాయి సుమయ్య సినిమా తీస్తోంది!

సినిమా కాదు అబ్బా, డాక్యుమెంటరీ అని ఫోనులో మూడుసార్లు చెప్పింది. ఏదైతేనేం, తెర మీద కనపడేదే కదా. హైదరాబాదులో ఒక టీవీ ఛానలు వాళ్ళు కొత్త పిల్లల చేత అరగంట చిత్రాలు తీయించి ఆదివారాలు వేస్తారట. ఎంతోమంది రాసుకుంటే ఏ కొద్దిమందికో ఒప్పుకున్నారట. ఆ కొద్దిమందిలో మా పాప! తాడేపల్లిగూడెంలో పెళ్ళి వీడియోల షాపులో పనిచేసే పిల్ల. ఆడవాళ్ళ వైపు తీయడానికి ఆడపిల్లయితే బాగుంటుందని చేర్చుకున్నారు. చేరాక కంప్యూటరు మీద ముక్కలు అతకడం కూడా నేర్చేసుకుంది. అతుకుల పని మా రక్తంలోనే ఉంది మరి.

కథేమిటంటే, కొల్లేరులో సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక లంకల్లో జనం ఎలా బతుకుతున్నారని.

మధ్యాహ్నానికల్లా ఏలూరు పవర్‌పేటంతా చెప్పేశాను. టీ కొట్టు దగ్గర, "హీరో ఎవరండీ షంషుద్దీన్ గారూ?" అన్నారు. డాక్యుమెంటరీలో హీరో ఉండడండీ అన్నాను, పుట్టినప్పటినుంచీ డాక్యుమెంటరీలు తింటూ పెరిగినవాడిలా. "మరి ఫైట్లో?" అన్నారు. గట్లు కొట్టేశారు కదండీ, ఫైటు అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది ఫైటు తరవాతి కథ అన్నాను. అక్కడున్నవాళ్ళు బాగా నవ్వారు. నా మాటకి నవ్వారో నన్ను చూసి నవ్వారో కనుక్కోలేదు.

మునీరాకి చెబితే, "టీవీలో వచ్చాక సంబరపడదాం గానీ, ముందు ఆ ప్యాంటు జిప్పు వెయ్యండి, ఆ అబ్బాయి రెండుసార్లు తిరిగి వెళ్ళాడు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ ఒక్కసారి ఆశ్చర్యపోతే చూడాలని నా కోరిక.

నవంబరు 4

అసలు ఆ లంకల్లో పాపకి ఎవరు తెలుసు? నాకు తెలుసు. ఏటా పెద్దింట్లమ్మ జాతర ముందు కుట్టు మిషను దోనెలో వేసుకుని లంకకి వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే మకాం పెట్టి ఊరందరికీ బట్టలు కుట్టి వస్తాను. కుర్రాడిగా ఉన్నప్పటినుంచీ అంతే. అమ్మవారి జాతరకి సాయిబు కుడితేనే చొక్కా కలిసొస్తుందని వాళ్ళకొక నమ్మకం. నాకూ అదే నమ్మకం, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ చేపల పులుసు.

మొన్న ఫిబ్రవరి జాతరకి కూడా వెళ్ళాను. ఆ తరవాతే గట్లు కొట్టేశారు. మళ్ళీ వెళ్ళలేదు.

ఇవాళ కూర్చుని ఆలోచించాను. టీవీలో మన లంక వాళ్ళు చిరుగు బనీన్లతో కనపడితే ఏం బాగుంటుంది? దేశమంతా చూస్తుంది. పాప తీసిన మొదటి చిత్రం. రంజాను పనిలో మిగిలిన తెల్ల గుడ్డ తాను ఒకటి ఉంది. అందరి కొలతలూ నాకు నోటికొచ్చు. లంకలో సుబ్బారావు ఛాతీ నలభై, మెడ పదిహేనున్నర. రాసుకోనక్కర్లేదు.

పాపకి చెప్పను. కొన్ని సంతోషాలు చెప్పకుండా చేస్తేనే రుచి.

నవంబరు 8

అబ్బబ్బ, ఏం రోజు!

తెల్లారగట్ల బస్సులో కైకలూరు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో, ఆ తరవాత దోనె. పాప కెమెరాతో పదింటికి వస్తానంది. నేను ఎనిమిదింటికే చొక్కాల మూటతో దిగాను. సుబ్బారావు ఎదురొచ్చి, "ఏవండీ సాయిబు గారూ, జాతర ముందుకి జరిగిందాండీ?" అన్నాడు. సుబ్బారావుకీ నాకూ ముప్ఫై ఏళ్ళ స్నేహం. లంక సొసైటీ చెరువుకి పెద్ద, ఇప్పుడు చెరువు లేదు గనక ఉత్త పెద్ద.

ముందు వాకిలి ఊడిపించాను. గట్టు మీద చిరిగిన వలల కుప్ప ఉంటే ఇంటి వెనక్కి వేయించాను. విరిగిన దోనె కనపడకుండా దాని మీద పరదా కప్పించాను. స్కూలు నుంచి కుర్చీలు తెప్పించాను. సుబ్బారావు భార్య కనకమ్మ నన్ను వింతగా చూస్తూ, "పెళ్ళి ఎవరిదండీ?" అంది. నవ్వేశాను.

చొక్కాలు వేయిస్తే, చెబితే సిగ్గుచేటు, ఒక్కటీ సరిపోలేదు. అన్నీ వదులే! భుజాలు జారిపోతున్నాయి, ఛాతీ దగ్గర గుడ్డ సంచిలా వేలాడుతోంది. ముప్ఫై ఏళ్ళలో నా కొలత తప్పింది లేదు. వయసైపోయిందిరా షంషుద్దీనూ అనుకుని, అందరినీ వరసగా నిలబెట్టి వీపు వెనక గుడ్డ మడిచి గుండుసూదులు పెట్టుకుంటూ వచ్చాను. ముందునుంచి చూస్తే మాత్రం కుట్టినట్టే కూర్చుంది.

సుబ్బారావుకి పెడుతూ, "ఏంటయ్యా, నా కొలత ఎప్పుడైనా తప్పిందా?" అన్నాను. వాడు, "మీ కొలత సరిగ్గానే ఉందండి సాయిబు గారూ. చొక్కాలో మనిషే తగ్గాడండి" అన్నాడు. ఏం మాటకారి! నోట్లో సూదులుండగానే పకపకా నవ్వాను. ఒక సూది మింగబోయాను కూడా.

పాప ఎప్పుడు దోనె దిగిందో చూడనే లేదు, నేను సుబ్బారావు వెనక వంగి ఉన్నాను కదా. తల ఎత్తేసరికి ఎదురుగా ఉంది. తెల్ల చొక్కాల్లో ఊరంతా కుర్చీల్లో కూర్చుని ఉంటే చూసి నోట మాట రాలేదు పిచ్చితల్లికి. సంతోషం అలాంటిది.

నవంబరు 9

అందరికీ ఛాతీ దగ్గరే, ఒకేలా తప్పింది. కళ్ళజోడు మార్చుకోవాలి.

నవంబరు 14

పాప తాడేపల్లిగూడెంలో అతుకుల పనిలో ఉంది. చిత్రం పూర్తయ్యాక చూసి, "ఏం బాగుంది, ఏం బాగాలేదు, దాచకుండా చెప్పాలి అబ్బా" అంది. అంటే నాకు అర్హత ఉందనేగా! అర్హత రావాలంటే చదవాలి. ఎనిమిదో తరగతి తరవాత మళ్ళీ ఇప్పుడు చదువు మొదలు. రోజూ షాపు కట్టేసి వచ్చి టీవీలో డాక్యుమెంటరీలు చూస్తున్నాను.

మొన్న పులి గురించి. బలం: పులి. బలహీనత: పులి గురించి ఆపకుండా చెప్పే ఆయన. పులి కూర్చుంటే 'పులి కూర్చుంది' అంటాడు. నా కళ్ళకి శుక్లాలున్నాయి గానీ అంత కాదు.

నిన్న ఒక ఆనకట్ట గురించి. బలం: పైనుంచి తీసిన బొమ్మ, పక్షికి కూడా అంత బాగా కనపడదేమో. బలహీనత: మాట్లాడినవాళ్ళందరూ కుర్చీల్లో ఉన్నవాళ్ళే. నీళ్ళలో మునిగిన ఊరివాళ్ళు దూరంగా నడుచుకుంటూ పోతున్నారు, వాళ్ళమీద వీణ వాయించారు. వీణ వస్తే ఏడవాలని అర్థమట. నేను ఏడ్చాను, నాకు ఇవన్నీ తెలీకముందే.

ఇవాళ మళ్ళీ పులి. ఈసారి జింకపిల్లని పట్టింది. మునీరా ఉల్లిపాయలు తరుగుతూ ఓరగా చూసి, "ఇంతసేపు చూపించారు, ఆ తల్లి జింక ఎటు పోయిందో ఒక్కరూ చూపించలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. అర్హత పరీక్ష పెడితే ఈవిడకే మార్కులెక్కువ వచ్చేలా ఉన్నాయి.

నవంబరు 19, ఆదివారం

దత్తాత్రేయులు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. రిటైరైన తెలుగు మాస్టారు, నా పాత గిరాకీ, ఇప్పటికీ లాల్చీకి రెండు జేబులే కావాలంటారు. ఆదివారాలు వాళ్ళ మేడ మీద నలుగురైదుగుర్ని పోగేసి మంచి చిత్రాలు వేసి చర్చ పెడతారు. నేనూ చాప మీద కూర్చున్నాను.

ఉప్పు మడుల మీద ఏదో చిత్రం వేశారు. చాలా బాగుందండీ అన్నాను. మాస్టారు, "బాగుందని పెళ్ళివాళ్ళు కూడా అంటారు షంషుద్దీన్ గారూ. ఎందుకు బాగుందో చెప్పండి" అన్నారు. ఉప్పు తెల్లగా బాగా పడిందండీ అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, చదువుకునేవాడికి రోషం పనికిరాదు.

అప్పుడు ఆయన చెప్పారు: "డాక్యుమెంటరీ గొప్పదో కాదో తేల్చడానికి నేనొక ప్రశ్న వేసుకుంటానండీ. కెమెరా రాకముందు వీళ్ళు ఏం చేస్తున్నారు, కెమెరా వెళ్ళిపోయాక ఏం చేస్తారు? ఆ రెండూ మన ఊహకి అందితే అది మంచి చిత్రం. అందకపోతే అది ఫొటో స్టూడియో."

మంచి మాట. మెట్లు దిగుతూ మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. కెమెరా రాకముందు మా లంకవాళ్ళు ఏం చేస్తున్నారు? చొక్కాలు వేసుకుంటున్నారు.

మాస్టారి ప్రశ్న అన్ని చిత్రాలకీ వర్తించదు.

నవంబరు 21

టిఫిను క్యారేజీలో కోడికూర పట్టుకుని పాసింజరులో గూడెం వెళ్ళి పాప చిత్రం చూశాను. షాపు ఓనరు మురళీకృష్ణ, "బాబాయ్ గారూ, టైటిల్లో గులాబీలు ఎగరేద్దామంటే మీ అమ్మాయి వద్దంటోందండీ, చెప్పండి కాస్త" అన్నాడు. నిజానికి రెండు గులాబీలు ఎగిరితే ఏం పోయింది?

చిత్రం ఎంత గొప్పగా ఉందో! నీళ్ళ మీద పొద్దు, తెగిన గట్టు పక్కన కొంగలు, ఆ కొంగలు మళ్ళీ వచ్చాయని సంతోషించే ఆఫీసరు, ఆ పక్కనే కుర్చీల్లో మనవాళ్ళు, తెల్ల చొక్కాల్లో, పెళ్ళివారిలా. కన్నీళ్ళాగలేదు. పాప, "చెప్పండి అబ్బా, దాచకుండా" అంది. అద్భుతమమ్మా అన్నాను. "ఇంకా?" మహాద్భుతమమ్మా అన్నాను. నా మొహం కేసి చూసి, చూసి, అన్నం తిందాం రండి అంది.

బలం: మొత్తం.

బలహీనత: నేను లేను. ఆ రోజు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాను కదా, ఏ మూలో ఒక్కచోటైనా కనపడతానని టీ కొట్టు దగ్గర చెప్పేశాను. చేయి కూడా కనపడలేదు. తండ్రి చేయి పడితే చిత్రం మైలపడుతుందా? నేనేం అనలేదు. తిరుగు రైల్లో కూడా, భీమడోలు దాకా, ఎవరితోనూ ఏమీ అనలేదు.

నవంబరు 28

ఛానలు వాళ్ళు చిత్రం తిప్పికొట్టారు.

పాప ఫోను చేసి మామూలుగానే చెప్పింది. ఆ గొంతు నాకు తెలుసు, చిన్నప్పుడు పడి మోకాలు చెక్కుకుపోయినా ఇదే గొంతుతో 'ఏం లేదు' అనేది. కెమెరా పని బాగుందన్నారట. కానీ మనుషులు నిజమైనవాళ్ళలా లేరన్నారట. "కష్టాల్లో ఉన్నారని వెనక నుంచి గొంతు చెబుతోంది, తెర మీద మాత్రం సబ్బు ప్రకటన నడుస్తోంది" అన్నాడట అక్కడి పెద్దాయన. డిసెంబరు పన్నెండు లోపల బాగుచేసి పంపితే చూస్తారట, లేకపోతే ఆ ఆదివారం ఇంకొకరికి. మళ్ళీ లంకకి వెళ్ళి తీద్దామంటే కెమెరా పెళ్ళిళ్ళ సీజన్లో దొరకదు.

సబ్బు ప్రకటనట! మా జిల్లావాళ్ళు శుభ్రంగా ఉండకూడదా? హైదరాబాదు వాళ్ళకి మురికి కావాలి.

పాప చొక్కాల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నవంబరు 29

దోషం కెమెరాది. అద్దె కెమెరా.

నవంబరు 30

లేదా వెలుతురుది. ఆ రోజు ఎండ ఎక్కువ, తెలుపు మరీ తెల్లగా పడింది.

డిసెంబరు 1

మునీరా అంది, "వెలుతురుది కాదండీ, గుడ్డది. ఆ తాను ఎటు పోయిందో నాకు తెలీదనుకున్నారా?" అని. కోపం వచ్చి రాత్రి అన్నం తినలేదు. అంటే, ముందు చపాతీలు తిన్నాను.

డిసెంబరు 4

పాపతో చెప్పేయాలని గూడెం బయల్దేరాను. రైల్లో వాక్యం తయారుచేసుకున్నాను: 'అమ్మా, చొక్కాలు నావి.' భీమడోలు దగ్గర అది 'అమ్మా, ఆ చొక్కాల సంగతి' అయింది. పుల్ల స్టేషను దగ్గర 'అమ్మా, తిన్నావా?' అయింది.

పాప షాపులో లేదు, అత్తిలిలో పెళ్ళికి వెళ్ళింది, గంటలో వస్తుందన్నాడు మురళీకృష్ణ. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఏమీ తోచక కాబోలు, "మీ సీను చూస్తారా బాబాయ్ గారూ?" అన్నాడు. నా సీనా? "ఉందండీ. అమ్మాయి పక్కన పెట్టేసింది."

కంప్యూటరు మీద వేశాడు. దోనెలోంచి తీసింది, బొమ్మ కాస్త ఊగుతోంది. గట్టు దగ్గరవుతోంది. సుబ్బారావు మాకేసి తిరిగి నిలబడ్డాడు. వాడి వెనకనుంచి నా తల ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పొడుచుకొస్తోంది. నోటినిండా గుండుసూదులు, జెల్ల చేప మీసాల్లా. టోపీ చెవి మీదికి జారింది. లుంగీ ఎగ్గట్టి ఉంది, ఆ కాళ్ళు నావేనా? మురళీకృష్ణ నవ్వు ఆపుకోలేక తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేనూ కడుపుబ్బ నవ్వాను.

అప్పుడు సుబ్బారావు మాట వినపడింది. మీ కొలత సరిగ్గానే ఉందండి సాయిబు గారూ. చొక్కాలో మనిషే తగ్గాడండి.

వెంటనే నా నవ్వు. పకపకా.

ఆ రోజు నేను వీపు వైపు ఉన్నాను. వాడి మొహం ఎలా ఉందో చూడలేదు. మొహం కెమెరాకి ఉంది.

వాడు నవ్వడం లేదు.

మురళీకృష్ణ మళ్ళీ వేయాలా అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ వేయించుకున్నాను.

అందరికీ ఛాతీ దగ్గరే తప్పిందని ఈ డైరీలో నేనే రాశాను. కళ్ళజోడు మార్చాలని కూడా నేనే రాశాను. ఫిబ్రవరిలో నలభై ఉన్న ఛాతీ చుట్టూ మడతలు పెట్టి సూదులు గుచ్చింది ఈ చేతులే. టేపు మెడలో వేసుకుని తిరిగే మనిషిని, టేపు ఏం చెప్పిందో వినలేదు.

పాప వచ్చింది. తెర చూసి, "ఎవరు వేయమన్నారు మురళీ గారూ?" అంది. ఆయన మెల్లగా బయటికి జారుకున్నాడు.

"ఎందుకు తీసేశావమ్మా?" అన్నాను.

"మీరు బాగా లేరు అబ్బా అందులో."

"ఎప్పుడు బాగున్నాను గనక?"

"నవ్వుతారు అబ్బా. షాపు ముందునుంచి పోయేవాళ్ళందరూ నవ్వుతారు."

"ఇప్పుడూ నవ్వుతున్నారమ్మా. కొత్తగా ఏం కాదు."

నేల చూస్తూ చెప్పింది. "అది కాదబ్బా. సుబ్బారావు మామయ్య అంత మాటంటే మీరు నవ్వారు. మీరెలాంటి వారో నాకు తెలుసు. చూసేవాళ్ళకి తెలీదు కదా. మిమ్మల్ని తిట్టుకుంటారు. మా అబ్బాని ఎవరో తిట్టుకునే చిత్రం నాకొద్దు."

అంటే ఈ పిల్లకి వచ్చిన రోజునుంచీ తెలుసు. చిత్రంలో ప్రాణం ఎక్కడుందో తెలిసే, నా పరువు కోసం కత్తిరించి పారేసింది. పాప బాగుండాలని నేను అబద్ధం కుట్టాను, నేను బాగుండాలని పాప నిజం కత్తిరించింది. ఇద్దరం కలిసి చక్కగా సబ్బు ప్రకటన తీశాం.

"అమ్మా, చొక్కాలు నావి" అన్నాను చివరికి.

"తెలుసబ్బా. ఆ కాజా చూస్తే తెలీదా ఎవరిదో?"

"నన్ను పెట్టేయమ్మా. నవ్వుతో సహా."

"అబ్బా..."

"నా కోసం కాదు. అంటే, కొంచెం నా కోసం కూడా. చిత్రంలో ఉన్నానని టీ కొట్టు దగ్గర చెప్పేశాను."

అప్పుడు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. "మామయ్య ఒప్పుకోవాలి కదా ముందు. అది ఆయన మాట" అంది.

అది నాకు తట్టలేదు సుమా. చిత్రంలో నేనుండడం ఒక్కటే తట్టింది.

డిసెంబరు 6

లంకకి వెళ్ళాను. సుబ్బారావు లేడు, కైకలూరులో చేపలకి ఐసు కొట్టే పనికి వెళ్ళాడంది కనకమ్మ. మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది. చొక్కాలు.

"పట్టుకెళ్ళండి సాయిబు గారూ. కోపం కాదండీ. మొన్న మా ఆయన ఇది వేసుకుని పనికెళ్ళాడండీ, ఉన్నవాటిలో ఇదే మంచిదని. మేస్త్రీ ఎగాదిగా చూసి, 'చెరువు పెద్దలు, దొరల్లా వచ్చారు, మీకెందుకండీ ఐసు పని' అని వెనక్కి పంపేశాడండీ. ఆ రోజు కూలి పోయిందండీ."

కెమెరా వెళ్ళిపోయాక ఏం చేస్తారు? మాస్టారూ, జవాబు దొరికింది.

నా నోరు మూతపడడం కనకమ్మ ఎప్పుడూ చూసి ఉండదు, కంగారుపడి, "అయ్యో, బాధపడకండి, పిన్నులు బాగా పనికొచ్చాయండీ" అంది.

సుబ్బారావు సాయంత్రం వచ్చాడు, చేతులు చలికి వంకర్లు పోయి. సంగతి చెప్పాను.

"నా మాట టీవీలోనాండీ? ఏ మాట?"

చెప్పాను.

"అంత మాటన్నానా? ఏదో వేళాకోళానికన్నానండి" అన్నాడు. చేతులు రుద్దుకుంటూ నీళ్ళకేసి చూశాడు. "ఇది చూస్తుందాండి?" అన్నాడు, కనకమ్మని చూపించి.

"మీ ఆవిడకి తెలీదనుకున్నారా?" అని లోపలినుంచి కనకమ్మే అంది. "రోజూ పక్కనే తింటున్నా. ఎంత తింటున్నారో నాకు తెలీదా?"

సుబ్బారావు నవ్వాడు. "ఆ మాట పెట్టుకోమనండి పాపని. నేనొక్కణ్ణే అయితే సిగ్గండి. పక్కన మీరు కూడా ఆ సూదులతో ఉన్నారుగా. ఇద్దరం కలిసే పడదాం."

అందరినీ పిలిపించాను. వరసగా మళ్ళీ కొలతలు తీసుకున్నాను, ఈసారి టేపుతో. కొలిచినప్పుడు అంకె పైకి గట్టిగా చదవడం నా అలవాటు, ఎదుటివాడు కూడా వినాలని. ఇవాళ ఒక్క అంకె కూడా పైకి చదవలేదు. ఎవరూ అడగలేదు.

డిసెంబరు 11

పాప పంపించేసింది. గులాబీలు లేవు. అడగలేదు కూడా.

డిసెంబరు 15

ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు! ఒప్పుకున్నారు! టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళందరికీ టీలు పోయించాను. "ఈసారి హీరో ఎవరండీ?" అన్నారు. సుబ్బారావు అన్నాను. "మరి మీరో?" కమెడియన్ని అన్నాను. నమ్మలేదు. చూస్తారుగా.

డిసెంబరు 24, ఆదివారం

ఇంట్లో టీవీ తెచ్చి షాపులో బల్ల మీద పెట్టాను. 'న్యూ స్టైల్ టైలర్స్' ముప్ఫై ఐదేళ్ళుగా న్యూ గానే ఉంది గానీ ఇంత జనాన్ని ఎన్నడూ చూడలేదు. సుబ్బారావునీ కనకమ్మనీ కూడా రమ్మన్నాను. మాస్టారు వచ్చారు. పాప నా పక్కన కూర్చోలేదు, గుమ్మం దగ్గర నిలబడింది, పారిపోవడానికి వీలుగా.

మొదలే దోనె. గట్టు దగ్గరవుతోంది. సుబ్బారావు, వాడి వెనకనుంచి నా జెల్ల చేప మొహం. షాపు షాపంతా పొర్లి పొర్లి నవ్వింది. "సాయిబు గారూ, కాళ్ళు! కాళ్ళు చూడండి!" అని ఎవరో అరిచారు. పెద్ద శోభగా ఉన్నానని చెప్పలేను.

అప్పుడు ఆ మాట. తెర మీద నేను పకపకా నవ్వాను. షాపులో ఎవరూ నవ్వలేదు. అంతమందిలో నా నవ్వొక్కటే, టీవీలోంచి, ఎంతసేపు ఉందో! నా నవ్వు ఇంత పొడుగని నాకు తెలీదు. తల ఎత్తలేకపోయాను. పక్కనున్న సుబ్బారావు నా మోకాలి మీద చేయి వేసి ఉంచాడు, మిగతా చిత్రమంతా.

ఆ తరవాత తెల్ల చొక్కాలు వచ్చినా ఎవరూ పెళ్ళివారనుకోలేదు. కుర్చీలో ముందుకి వంగిన మనిషి వీపు మీద సూదులు మెరిసినప్పుడు మునీరా "అయ్యో" అంది. పైకి! అందరిలో! ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఆశ్చర్యం ఇలా దొరుకుతుందనుకోలేదు.

అయ్యాక మాస్టారు పాపని పిలిచి, "వెనక నుంచి చెప్పే గొంతు ఇంకా ఎక్కువగా ఉందమ్మా. కొంగల దగ్గర ఆ సంగీతం అక్కర్లేదు. ఆఫీసరు మాటని మధ్యలో తెంచావు, అది అన్యాయం, ఆయన్నీ పూర్తిగా వినాలి" అన్నారు. నాకు కోపం వచ్చింది, మాస్టారి లాల్చీకి ఇకమీద ఒకటే జేబు అనుకున్నాను. పాప మాత్రం తల ఊపుతూ శ్రద్ధగా విన్నది. ఆఖర్న ఆయన, "కానీ కెమెరా రాకముందు, వెళ్ళాక, రెండూ కనపడ్డాయి" అన్నారు. రెండు జేబులే కుడతాను.

పాప నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు చెప్పండి అబ్బా, దాచకుండా" అంది.

"బలహీనత: నేను నవ్వడం" అన్నాను.

"మరి బలం?"

చెప్పబోయి, తనకేసి వేలు చూపించాను. పాపే నా టోపీ సరిచేసి, "అర్థమైంది లెండి" అంది.

ఏలూరులో ఎవరైనా నన్ను తిట్టుకున్నారేమో తెలీదు. తిట్టుకుంటే, చిత్రం బాగా అర్థమైనట్టే.

డిసెంబరు 29

బక్రీదు పని నెత్తి మీద ఉంది. అయినా ముందు లంక చొక్కాలు పూర్తి చేశాను. మిగిలిన గుండుసూదులన్నీ తీసి డబ్బాలో వేశాను. తెలుపు కనపడకుండా అన్నిటికీ మట్టి రంగు అద్దించాను, ఏ మేస్త్రీ దొరలనడు. విప్పి, కొత్త కొలతకి దగ్గరగా కుట్టాను. సరిగ్గా కూర్చుంటాయి.

మునీరా ఒక చొక్కా తిరగేసి చూసి, "పక్కల్లో ఇంత గుడ్డ వదిలేశారేంటండీ, కత్తిరించకుండా?" అంది.

పిల్లల బట్టలకి వదులుతాం కదా అలా, పెరుగుతారని.

కత్తిరించలేదు. జాతరకి వెళ్ళినప్పుడు విప్పి వదులు చెయ్యాలి.